మహమ్మారి విపత్తేనా? పన్ను చట్టంలో ఒక ప్రశ్న



వరద వస్తే విపత్తు అంటాం. తుపాను వస్తే విపత్తు అంటాం. భూమి కంపిస్తే ఎవరినీ అడగకుండానే విపత్తు అంటాం. మరి కంటికి కనబడని ఒక రోగం ఊరూరా తిరిగి, అంగళ్ళు మూయించి, ఇళ్ళలో మనుషులను తీసుకుపోతే అది విపత్తా, కాదా? మామూలుగా మాట్లాడుకునేటప్పుడు ఇది అడగవలసిన ప్రశ్నే కాదు. కాని చట్టం దగ్గరికి వెళ్ళేసరికి, అందులోనూ పన్ను చట్టం దగ్గరికి వెళ్ళేసరికి, ఇది పెద్ద ప్రశ్న అవుతుంది. యజమానిని పోగొట్టుకున్న ఒక ఇంటికి నలుగురూ ఇచ్చిన సహాయధనం పూర్తిగా ఆ ఇంటికే చెందుతుందా, లేక ఆదాయం కింద లెక్కకు వచ్చి అందులోంచి పన్ను కట్టవలసి వస్తుందా అన్నది ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఆధారపడి ఉంటుంది. 2020లో వచ్చిన కోవిడ్ మహమ్మారిని ఆధారంగా చేసుకుని ఈనాటి ప్రసంగంలో ఈ విషయాన్ని విచారిద్దాం.

బాగాయంలోనూ, వేలూరులోనూ, గుడియాత్తంలోనూ ఉండే మనకు ఒక సౌకర్యం ఉంది. రెండు భాషలతో బతుకుతాం కనుక ఒక మాటను రెండు వైపుల నుంచి చూడగలం. మనం విపత్తు అనేదాన్ని తమిళంలో పేరిడర్ అంటారు. పెద్ద ఇడుము అని అర్థం. మహమ్మారిని పెరుందొట్రు అంటారు. పెద్ద అంటు అని అర్థం. తెలుగు మాటలో ఇంకొంచెం కథ ఉంది. మహమ్మారి అంటే మహా మారి. మారి అంటే అంటురోగం, ఆ రోగాన్ని తెచ్చేదీ తీసేదీ అయిన అమ్మ పేరు కూడాను. గుడియాత్తంలో వైకాసి నెల మొదటి రోజున జరిగే గంగమ్మ శిరస్సు ఉత్సవం మీకు తెలిసినదే. ఊరిని రోగాల నుంచి కాపాడమని అమ్మను వేడుకునే ఇలాంటి జాతరలు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. అంటే రోగం ఒక ఇంటి కష్టం కాదని, ఊరంతటికీ వచ్చిన ఆపద అని మన పల్లెలు ఎప్పుడో గుర్తించాయి. ఆలస్యమంతా శాసనాలలోనే జరిగింది.

ఆ ఆలస్యానికి కారణం తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1911లో చిత్తూరు ప్రత్యేక జిల్లా అయ్యేవరకు చిత్తూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. అప్పట్లో ప్రభుత్వానికి ముఖ్యమైన రాబడి భూమిశిస్తు. చెరువు ఎండి పైరు పోయినా, నీళ్ళు పొంగి పంట మునిగినా శిస్తులో తగ్గింపు కోరడానికి వీలుండేది. కరణం లెక్కలు, జమాబందీ, అధికారి తనిఖీ అన్నీ ఆ పైరు చుట్టూ తిరిగేవి. శిస్తు భూమి మీద వేసినది కనుక తగ్గింపు కూడా భూమిలో కనబడే నష్టాన్ని బట్టే ఉండేది. కలరా వచ్చి దున్నేవాడే పోతే ఆ నష్టం పొలంలో కనబడదు. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చిన తరువాత 1897లో అంటువ్యాధుల చట్టం చేశారు. రోగులను వేరుచేయడానికి, ప్రయాణికులను తనిఖీ చేయడానికి అది ప్రభుత్వానికి అధికారాలిచ్చింది. ఖర్చులు ఎవరు భరించాలో నిర్ణయించే చోట 'పరిహారం ఏదైనా ఉంటే' అన్నట్టుగా ఒక చిన్న మాట మాత్రం బ్రాకెట్లలో పెట్టింది. అంటే ఆనాటి శాసనాలకు వరద, కరువు నష్టాలుగా కనిపించాయి. రోగం మాత్రం శాంతిభద్రతల పనిలా కనిపించింది.

2004 డిసెంబరులో సునామీ వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం, 2005లో, పార్లమెంటు విపత్తు నిర్వహణ చట్టం చేసింది. అందులో విపత్తు అంటే ఏమిటో నిర్వచనం ఉంది. ప్రకృతి వల్లగాని, మనిషి చేతల వల్లగాని, ప్రమాదం వల్లగాని, నిర్లక్ష్యం వల్లగాని వచ్చినదై ఉండాలి. పెద్ద ఎత్తున ప్రాణనష్టాన్నో, బాధనో, ఆస్తినష్టాన్నో కలిగించాలి. అక్కడి జనం తమంతట తాము తట్టుకోలేనంత పెద్దదై ఉండాలి. ఈ నిర్వచనంలో నీరు, గాలి, నిప్పు అన్న మాటలేవీ లేవు. కనుక రోగాన్ని బయట పెట్టే తలుపూ లేదు. మామూలు చదువరి ఎవరు చదివినా కోవిడ్ ఇందులోకి వస్తుందనే అంటారు.

అయితే నిర్వచనం వేరు, డబ్బు ఇచ్చే జాబితా వేరు. రాష్ట్ర విపత్తు సహాయ నిధి నుంచి ఖర్చు పెట్టడానికి కేంద్రం వేరే జాబితా ఒకటి పెట్టుకుంది. అందులో తుపాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగండ్లు, కొండచరియలు విరిగిపడడం, మంచుచరియలు, కుంభవృష్టి, చీడపురుగుల దాడి, చలిగాలులు ఉన్నాయి. శ్రోతలు గమనించారా? పంటను తినే పురుగుకు ఆ జాబితాలో చోటుంది. మనిషిని తినే సూక్ష్మజీవికి చోటు లేదు. పాత భూమిశిస్తు నాటి చూపే ఇక్కడా కొనసాగింది.

ఇక కోవిడ్ వచ్చిన తరువాత ఏం జరిగిందో తేదీలవారీగా చూద్దాం. ఒకే రోగం ఏ చట్టంలో ఏ తేదీన విపత్తు అయిందో తెలిస్తే సగం విషయం అర్థమైనట్టే.

మొదటి తేదీ 2020 ఫిబ్రవరి 19. ఆనాడు కేంద్ర ఆర్థికశాఖ ఒక ఉత్తరువు పంపింది. చైనాలోగాని, మరే దేశంలోగాని కరోనా వల్ల సరుకు రవాణా ఆగిపోతే ప్రభుత్వ కొనుగోలు ఒప్పందాలలో దానిని ప్రకృతి వైపరీత్యంగా చూడవచ్చునని అందులో ఉంది. మన దేశంలో లాక్‌డౌన్ రావడానికి నెల రోజుల ముందే, సరుకులిచ్చే కంట్రాక్టుల వరకు, రోగం వైపరీత్యం అయింది.

రెండో తేదీ 2020 మార్చి 14. కేంద్ర హోంశాఖ, సహాయ నిధిని వాడుకోవడం కోసం, ఒక్కసారికి మాత్రం ప్రత్యేకంగా కోవిడ్‌ను ప్రకటిత విపత్తుగా పరిగణిస్తున్నామని రాష్ట్రాలకు రాసింది. ఆ లేఖలో చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు అని ఉంది. అదే రోజున సవరించిన లేఖ వచ్చింది. అందులో ఆ 4 లక్షల మాట లేదు. పేరు మిగిలింది, పైకం పోయింది.

మూడో తేదీ 2020 మార్చి 31. పన్ను చట్టాల గడువులను సడలిస్తూ రాష్ట్రపతి ఆర్డినెన్సు వచ్చింది. దీని ద్వారా జి.ఎస్.టి. చట్టంలో 168ఎ అనే కొత్త సెక్షను చేర్చారు. మానవ శక్తికి మించిన పరిస్థితి వస్తే గడువులు పొడిగించే అధికారం ఇచ్చారు. యుద్ధం, అంటువ్యాధి, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం అంటూ పేర్లు రాశారు. ఇక్కడ అంటువ్యాధిని వరదకంటే ముందుగా, యుద్ధం పక్కనే కూర్చోబెట్టారు. కనుక పన్ను చట్టంలో మహమ్మారి విపత్తేనా అని ఎవరైనా అడిగితే, జి.ఎస్.టి. వరకు సూటిగా అవును అనవచ్చు. ఆ ఆర్డినెన్సు స్థానంలో 2020 సెప్టెంబరు 29న పార్లమెంటు చట్టం వచ్చింది.

ఆ 'అవును' వల్ల మనకు వచ్చిందేమిటి? ముఖ్యంగా వ్యవధి. 2019-20 ఆదాయానికి రిటర్ను దాఖలు చేసే గడువును పలుమార్లు పెంచి, మామూలు జనానికి 2021 జనవరి 10 దాకా ఇచ్చారు. జీవితబీమా వంటి పొదుపులు 2019-20 లెక్కలో చూపుకోవడానికి 2020 జూలై 31 దాకా వీలిచ్చారు. జీతం కాని చెల్లింపులలో ముందుగా పట్టుకునే పన్నును 2020 మే 14 నుంచి 2021 మార్చి 31 వరకు నాలుగో వంతు తగ్గించారు. ఇవన్నీ ఆ సమయంలో ఊపిరి పీల్చుకోనిచ్చినవే. కాని జాగ్రత్తగా చూడండి. వీటిలో పన్ను మాఫీ లేదు. ఇవాళ కట్టవలసినది రేపు కట్టమన్నారు. ఇవాళ పట్టుకోవలసినది కొంత తగ్గించి, లెక్క తేలినప్పుడు కట్టమన్నారు. గడువు పెంచడం వేరు, బరువు దించడం వేరు. ఈ తేడా తెలియక చాలామంది రాయితీ వచ్చిందనుకుని నిశ్చింతగా ఉండిపోతారు.

నిజంగా బరువు దించినది కొన్ని వస్తువుల విషయంలోనే. 2021 జూన్ 12న జి.ఎస్.టి. మండలి 44వ సమావేశంలో ప్రాణవాయువు అందించే యంత్రాల మీద పన్ను 12 శాతం నుంచి 5కు, శానిటైజరు మీద 18 నుంచి 5కు, ఆంబులెన్సు మీద 28 నుంచి 12కు తగ్గింది. నల్ల ఫంగస్ రోగానికి వాడే ఆంఫోటెరిసిన్ బి మందు మీద పన్ను పూర్తిగా తీసేశారు. ఈ తగ్గింపు 2021 సెప్టెంబరు 30 వరకు. టీకా మీద 5 శాతం అలాగే ఉంచారు.

నాలుగో తేదీకి వద్దాం. 4 లక్షల మాట ఎందుకు తీసేశారని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అప్పటికి దేశంలో 3 లక్షల 85 వేల మందికి పైగా చనిపోయారని, అంతమందికి 4 లక్షల చొప్పున ఇస్తే రాష్ట్రాల సహాయ నిధులు చాలవని, వరద వచ్చిపోయేది గాని ఇది నెలల తరబడి సాగేదని కేంద్రం వాదించింది. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మొత్తం ఎంత అన్నది కోర్టు చెప్పదు, కాని కనీస సహాయానికి మార్గదర్శకాలు తయారుచేయడం చట్టం ప్రకారం విపత్తు నిర్వహణ సంస్థ విధి, ఇష్టం కాదు అంది. ఆ తీర్పు మీద 2021 సెప్టెంబరులో 50 వేల రూపాయలని నిర్ణయించారు. అంటే విపత్తు అని పేరు పెట్టిన తరువాత చనిపోయినవారి ఇంటికి ఒక మొత్తం నిర్ణయం కావడానికి ఏడాదిన్నర పట్టింది.

మరి ఆ 50 వేల మీద పన్ను ఉందా? 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 10వ సెక్షనులో 10బిసి అనే క్లాజు ఉండేది. కేంద్ర ప్రభుత్వంగాని, రాష్ట్ర ప్రభుత్వంగాని, స్థానిక సంస్థగాని విపత్తు కారణంగా ఇచ్చే పరిహారం మీద పన్ను లేదని అది చెప్పింది. విపత్తు అన్న మాటకు 2005 చట్టంలోని నిర్వచనమే ఇక్కడా అర్థం అంది. ఇంతకుముందు మనం చెప్పుకున్న నిర్వచనం ఇదే. కనుక ప్రభుత్వం ఇచ్చిన ఆ సొమ్ము ఈ మాటల ప్రకారం పన్నుకు లోబడదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కాని కోవిడ్ కాలంలో కష్టంలో ఉన్న ఇంటికి సహాయం ఎక్కువగా ఎవరు చేశారు? పనిచేసిన కంపెనీ చేసింది. తోటి పనివాళ్ళు చందా వేసుకుని ఇచ్చారు. చదువుకున్ననాటి స్నేహితులు పోగుచేసి ఇచ్చారు. ఇవి ప్రభుత్వం ఇచ్చినవి కావు. కనుక ఆ క్లాజు వీటిని కాపాడదు. బంధువులు కానివారు ఏడాదిలో ఇచ్చిన మొత్తం 50 వేలు దాటితే, అదంతా ఇతర ఆదాయం కింద లెక్కకు వస్తుందన్నది మామూలు నియమం. వరదలో ఇల్లు పోయినవాడికి ప్రభుత్వం ఇస్తే పన్ను లేదు. కోవిడ్‌లో మనిషి పోయిన ఇంటికి స్నేహితులు ఇస్తే పన్ను పడవచ్చు. ఇది ఎవరికీ న్యాయంగా తోచదు.

ప్రభుత్వానికీ తోచలేదు. అందుకే ఐదో తేదీ వచ్చింది. 2021 జూన్ 25న ఆర్థికశాఖ ప్రకటన చేసింది. కోవిడ్ చికిత్సకు యజమానిగాని ఇతరులుగాని ఇచ్చిన సొమ్ము మీద పన్ను ఉండదంది. చనిపోయినవారి కుటుంబానికి యజమాని ఇచ్చినదానికి పరిమితి లేదంది. ఇతరులందరూ కలిసి ఇచ్చినదానిలో 10 లక్షల వరకు పన్ను ఉండదంది. అయితే ప్రకటన చట్టం కాదు. చట్ట సవరణ 2022 మార్చిలో ఆర్థిక చట్టంతో వచ్చింది. వెనుకటి తేదీ నుంచి, అంటే 2019-20 లెక్కల సంవత్సరం నుంచి, వర్తించేలా చేశారు. కుటుంబానికి వచ్చే సొమ్ముకు షరతులున్నాయి. కోవిడ్ వచ్చినట్టు పరీక్ష రిపోర్టు ఉండాలి. మరణం ఆ పరీక్ష తేదీ నుంచి ఆరు నెలల లోపల జరిగి ఉండాలి. సొమ్ము మరణం నాటి నుంచి పన్నెండు నెలల లోపల అంది ఉండాలి. ఇవ్వవలసిన పత్రాల వివరాలు 2022 ఆగస్టు 5న వచ్చాయి. ఆ ఏడాది మామూలు జనానికి రిటర్ను గడువు జూలై 31. అంటే రిటర్ను గడువు దాటిన తరువాత ఫారం వచ్చింది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించి చెప్పేదే. గుడియాత్తంలో ఒక అగ్గిపెట్టెల కర్మాగారంలో లెక్కలు రాసే ఉద్యోగి 2021 మేలో కోవిడ్‌తో చనిపోయాడనుకుందాం. యజమాని 6 లక్షలు ఇచ్చాడు. స్నేహితులు, తెలిసిన వ్యాపారులు కలిసి 12 లక్షలు ఇచ్చారు. భార్య అన్నదమ్ములు 3 లక్షలు ఇచ్చారు. ప్రభుత్వం 50 వేలు ఇచ్చింది. సవరణ తరువాత లెక్క ఇలా ఉంటుంది. ప్రభుత్వ సొమ్ముకు పన్ను లేదు. అన్నదమ్ములు బంధువులు కనుక వారిచ్చినదానికి ఎప్పుడూ లేదు. యజమాని ఇచ్చిన 6 లక్షలకు లేదు. స్నేహితుల 12 లక్షలలో 10 లక్షలకు లేదు, మిగిలిన 2 లక్షలు లెక్కలోకి వస్తాయి. సవరణ లేకపోతే ఆ 12 లక్షలూ ఆదాయంగా కనబడేవి. పరీక్ష రిపోర్టు లేకపోతే, ఇంట్లోనే చనిపోయి కాగితం ఏదీ మిగలకపోతే, ఈ లెక్కంతా తారుమారవుతుంది. ఒక్క కాగితం మీద ఒక విధవరాలి చేతిలో సొమ్ము నిలవడమో పోవడమో ఉందంటే, ఆ మాటకు నిర్వచనం ఎంత అవసరమో ఆలోచించండి.

ఇప్పుడు ఆ తేదీలను వరుసగా పెట్టి చూడండి. కంట్రాక్టులకు 2020 ఫిబ్రవరిలో. ప్రభుత్వ నిధికి మార్చి మధ్యలో. పన్ను గడువులకు మార్చి ఆఖరున. చనిపోయినవారి కుటుంబానికి సహాయంగా 2021 సెప్టెంబరులో. ఆ కుటుంబానికి పదిమందీ ఇచ్చిన సొమ్ము మీద పన్ను లేకుండా చట్టంలో 2022 మార్చిలో. రోగం అందరి ఇళ్ళకూ ఒకేసారి వచ్చింది. విపత్తు అన్న గుర్తింపు మాత్రం ఒప్పందాలకు మొదట వచ్చి, ఏడుస్తున్న ఇంటికి చివర వచ్చింది. ఈనాటి ప్రసంగంలో నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇదే.

ఇంకో సంగతి కూడా గమనించాలి. విపత్తు అన్న మాట కత్తి వంటిది. ఎవరి చేతిలో ఉంటే వారికి పనిచేస్తుంది. గుజరాత్ ప్రభుత్వం 2020 ఏప్రిల్ 17న, కోవిడ్‌ను ప్రజా అత్యవసర పరిస్థితిగా చూపి, కర్మాగారాలలో రోజుకు 12 గంటలు పనిచేయించడానికి, అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వకుండా ఉండడానికి అనుమతిచ్చింది. 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఫ్యాక్టరీల చట్టంలో అత్యవసర పరిస్థితి అంటే యుద్ధం, విదేశీ దురాక్రమణ, అంతర్గత కల్లోలం వల్ల దేశ భద్రతకు వచ్చే ముప్పు, మహమ్మారి అందులోకి రాదు అంది. చూశారా, ఒక చట్టంలో విపత్తు అయిన రోగం ఇంకో చట్టంలో అత్యవసర పరిస్థితి కాలేదు. ఆ కాకపోవడమే అక్కడ పనివాళ్ళను కాపాడింది.

పన్నుల్లోనూ ఇలాంటిది జరిగింది. 168ఎ సెక్షను కింద గడువు పొడిగించే అధికారం ఉందని చెప్పుకున్నాం. 2023 మార్చి 31న, మళ్ళీ డిసెంబరు 28న, అదే సెక్షను కింద నోటిఫికేషన్లు వచ్చాయి. ఈసారి పొడిగించినది వ్యాపారుల గడువు కాదు. 2017-18 నుంచి 2019-20 వరకు ఉన్న పాత లెక్కల మీద పన్ను డిమాండు ఉత్తర్వులు ఇవ్వడానికి అధికారుల గడువు. చిన్న వ్యాపారి దృష్టితో చూడండి. రోగం తగ్గి, అంగడి మళ్ళీ నిలదొక్కుకున్న రోజులలో, ఆ రోగం పేరు చెప్పే పాత నోటీసు ఇంటికి వస్తుంది. డిసెంబరు నోటిఫికేషను చెల్లదని 2024 సెప్టెంబరులో గౌహతి హైకోర్టు, 2025 జూన్‌లో మన మద్రాసు హైకోర్టు తీర్పులిచ్చాయి. తెలంగాణ హైకోర్టు నుంచి వెళ్ళిన కేసులో ఈ పొడిగింపుల ప్రశ్నను 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది.

బయటి దేశాల సంగతి ఒక్క మాట. మన పిల్లలు ఎంతోమంది అమెరికాలో ఉన్నారు. అక్కడ 2020 మార్చి 13న అధ్యక్షుడు దేశమంతటికీ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 2001 దాడుల తరువాత చేసిన 139వ సెక్షను ఒకటి అక్కడి పన్ను చట్టంలో అప్పటికే ఉంది. ప్రభుత్వం ప్రకటించిన విపత్తులో యజమాని ఉద్యోగికి సహాయంగా ఇచ్చే సొమ్ము మీద పన్ను లేదన్నది దాని సారాంశం. ప్రకటన వచ్చిన వెంటనే ఆ సెక్షను తనంతట తాను పనిచేయడం మొదలుపెట్టింది. రిటర్ను గడువు కూడా ఏప్రిల్ 15 నుంచి జూలై 15కు మారింది. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. కాని నియమం రోగానికంటే ముందే రాసి ఉంది. మన దగ్గర రోగం వచ్చిన రెండేళ్ళకు రాశారు.

ఇప్పుడు ఎదుటి వాదన కూడా వినాలి. వరద ఒక తాలూకాకు వస్తుంది. పక్క తాలూకా వాళ్ళు పన్ను కడతారు, ఆ డబ్బుతో వరద తాలూకాను ఆదుకుంటారు. మహమ్మారి అన్ని తాలూకాలకూ ఒకేసారి వస్తుంది. అందరికీ పన్ను తీసేస్తే ఆసుపత్రికి మందులెవరు కొంటారు, నర్సులకు జీతాలెవరిస్తారు? ఈ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. పైగా మహమ్మారిలో అందరూ నష్టపోలేదు. కొందరికి వ్యాపారం పెరిగింది. కనుక విపత్తు అనగానే అందరికీ మాఫీ అనడం సరికాదు. రాయితీ విపత్తు పేరును బట్టి కాకుండా, ఇంటికి జరిగిన నష్టాన్ని బట్టి ఉండాలి. మనిషి పోయిన ఇల్లు, చికిత్సకు అప్పుచేసిన ఇల్లు, మూసిన అంగడి, వీటిని లెక్కపెట్టడం కష్టం కాదు.

మరొక సత్యం కూడా చెప్పుకోవాలి. లుంగీలు నేసే ఇల్లు, బీడీలు చుట్టే ఇల్లు ఆదాయపు పన్ను కట్టేటంత సంపాదించవు. లేని పన్నులో రాయితీ ఇస్తే వారికి ఏం లాభం? అలాంటి ఇళ్ళకు పన్ను రాయితీ అందదు, చేతికి ఇచ్చే సొమ్మే అందుతుంది. తమిళనాడు ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో బియ్యం కార్డుకు 1,000 రూపాయలు, 2021లో రెండు విడతలుగా 4,000 రూపాయలు ఇచ్చినది అందుకే. పన్ను రాయితీ గురించి మాట్లాడేటప్పుడు, అది చేరని ఇళ్ళు ఎక్కువని మరచిపోకూడదు.

సరిహద్దులో ఉండే మనకు ఈ విషయం ఇంకా దగ్గరిది. 2020 ఏప్రిల్ ఆఖరి వారంలో గుడియాత్తం నుంచి పలమనేరు వెళ్ళే దారిలో సైనగుంట దగ్గర, పొన్నై నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో మాదండకుప్పం దగ్గర రోడ్డుకు అడ్డంగా సిమెంటు ఇటుకలతో గోడలు కట్టారు. విమర్శలు రాగానే తొలగించారు. మరుసటి ఏడాది, 2021 నవంబరులో, కౌండిన్య నది పొంగి గుడియాత్తంలో నీళ్ళు వచ్చాయి. పేర్ణాంబట్టులో వానకు గోడ కూలి 9 మంది చనిపోయారు. ఆ వరదను విపత్తు అనడానికి ఎవరూ నిర్వచనం వెతకలేదు. వెంటనే సహాయం ప్రకటించారు. రోడ్డు మీద గోడ కట్టేటంత ఆపద అయిన రోగానికి మాత్రం, చట్టంలో సహాయం రాసుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

కనుక శ్రోతలారా, మీరు గుర్తుంచుకోవలసినవి మూడు.

మొదటిది, సొమ్ము ఎవరిచ్చారో వేరువేరుగా రాసిపెట్టుకోండి. ప్రభుత్వం, యజమాని, బంధువు, స్నేహితుడు అని నాలుగు పట్టీలు. పన్ను లెక్కలో ఈ నాలుగింటికీ నాలుగు దారులు. వీలైనంతవరకు బ్యాంకు ద్వారా తీసుకోండి.

రెండోది, పరీక్ష రిపోర్టు, ఆసుపత్రి కాగితాలు, మరణ ధ్రువపత్రం మూడూ ఒకే చోట భద్రపరచండి. సరిహద్దు అవతలి ఆసుపత్రిలో చికిత్స జరిగితే, కాగితం మీద పేరు రెండు భాషల్లో రెండు విధాలుగా పడుతుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు. బ్యాంకు పుస్తకంలో పేరుతో సరిపోతుందో లేదో అప్పుడే చూసుకోండి.

మూడోది, గడువు పెంచారన్న వార్త వినగానే పన్ను తీసేశారనుకోకండి. గడువా, మాఫీయా అని అడగండి. 1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలయ్యేలా చేశారు. సెక్షన్ల నంబర్లు మారాయి. కాబట్టి ఆడిటరు దగ్గరికి వెళ్ళినప్పుడు నంబరు చెప్పి కాకుండా, విషయం చెప్పి అడగండి.

ఇది మనం చేసుకోవలసిన పని. ప్రభుత్వాలు చేయవలసినది ఒకటుంది. కోవిడ్ కోసం రాసిన నియమం కోవిడ్ పేరుతోనే రాశారు. రేపు ఇంకో రోగం ఇంకో పేరుతో వస్తే అది వర్తించదు. మళ్ళీ ప్రకటన, మళ్ళీ సవరణ, మళ్ళీ ఫారం. సహాయ నిధికి కూడా ఒక్కసారికి మాత్రమే అన్నారు. దానికి బదులు, ప్రభుత్వం ఒక అంటువ్యాధిని విపత్తుగా ప్రకటించిన రోజునే, బాధిత కుటుంబానికి ఎవరు సహాయం చేసినా ఒక పరిమితి వరకు పన్ను ఉండదని శాశ్వతంగా ఒక వాక్యం రాసిపెట్టవచ్చు. చీడపురుగుకు ఇచ్చిన చోటు సూక్ష్మజీవికీ ఇవ్వవచ్చు. మీ ప్రతినిధి ఓటు అడగడానికి వచ్చినప్పుడు, రోడ్డు, నీళ్ళతో పాటు ఈ మాట కూడా అడగండి. గొడుగు వాన రాకముందే కొనిపెట్టుకోవాలి.